అడవిలో వేడినీటి బుగ్గకు వెళ్తున్నారా? నీళ్లు తొరిపేది ఎవరో ముందు చూసుకోండి

మా ఊళ్లో చలికాలం పొద్దున్నే పొయ్యి మీద రాగి కాగు ఎక్కేది. నీళ్లు సలసల కాగాక అమ్మ బకెట్లో సగందాకా ముంచి పోసి, గాబులోంచి చన్నీళ్లు కలిపి, మోచెయ్యి ముంచి చూసి, "తొరిపాను, రా" అని పిలిచేది. ఆ మాట వినపడందే మేం స్నానానికి లేచేవాళ్లం కాదు.

అమెరికా వాయవ్యంలోని ఆరిగన్, వాషింగ్టన్, ఐడహో అడవుల్లో వేడినీటి బుగ్గలు చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. భూమిలోంచి వచ్చే నీళ్లు చాలాచోట్ల ఉన్నపళాన దిగడానికి పనికిరావు, ఒళ్లు కాలుతుంది. ఎవరో ఒకరు తొరపాలి. ఒకచోట పక్కనున్న నది తొరుపుతుంది, ఒకచోట కొండవాలు, ఇంకోచోట మన చేతిలో బకెట్. ఫోటో చూసి బుగ్గను ఎంచుకుంటే ఈ సంగతి తెలియదు. జూన్‌లో వెళ్లొచ్చా, పిల్లల్ని దింపొచ్చా, అత్తయ్యగారిని తీసుకెళ్లొచ్చా అన్నవి సగానికి సగం దీన్నిబట్టే తేలతాయి.

పోర్ట్‌లాండ్, సియాటెల్, బోయిసీ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు నన్ను తరచూ అడిగే ఆరు బుగ్గల్ని ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. ఐదు నేషనల్ ఫారెస్టుల్లోవి. ఆరోది ప్రైవేటు స్థలంలో ఉన్నా, చుట్టూ ఉన్నది నేషనల్ ఫారెస్టే.

నేషనల్ పార్కు వేరు, నేషనల్ ఫారెస్టు వేరు. ఎల్లోస్టోన్ లాంటి పార్కుల్లో వేడి బుగ్గల్లో దిగడం చట్టవిరుద్ధం, ప్రాణాంతకం కూడా. 2016లో అక్కడి నోరిస్ దగ్గర చెక్కబాట దాటి వెళ్లిన ఒక యువకుడు బుగ్గలో పడి చనిపోయాడు. నేషనల్ ఫారెస్టుల్లో చాలా బుగ్గల్లో దిగనిస్తారు. అక్కడ లైఫ్‌గార్డు ఉండడు, నీళ్లలో క్రిములు చంపే మందు కలిపేవాళ్లు ఉండరు, ఫోన్ సిగ్నల్ కూడా దాదాపు ఉండదు. మన జాగ్రత్త మనదే.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది వేడి. హాట్‌టబ్బులకు పెట్టుకున్న గరిష్ఠ పరిమితి 104 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 40 సెల్సియస్. అడవి బుగ్గల్లో పై మడుగులు దీన్ని దాటే ఉంటాయి. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు, బీపీ మందులు వాడే పెద్దవాళ్లు డాక్టరును అడక్కుండా దిగకూడదు. చిన్నపిల్లల ఒళ్లు మనకంటే త్వరగా వేడెక్కుతుంది. మన వేళ్లకు గోరువెచ్చగా అనిపించినా వాళ్లకు ఎక్కువే. మోచెయ్యి పెట్టి చూడండి, ఒక థర్మామీటరు కూడా తీసుకెళ్లండి.

రెండోది బట్టలు. ఈ బుగ్గల్లో చాలాచోట్ల బట్టలు లేకుండా దిగడం మామూలు. అక్కడివాళ్లకు అందులో అసభ్యత ఏమీ లేదు, ఎవరినీ ఇబ్బంది పెట్టరు. కానీ ముందు తెలియకుండా ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని వెళితే ఆ రోజు పాడవుతుంది. మా ఆడపడుచు కుటుంబం గుంటూరు నుంచి వచ్చినప్పుడు టెర్‌విల్లిగర్‌కు తీసుకెళ్లాం. ఎవరినీ అడగలేదు, ఏమీ చదవలేదు. బాట చివరి మలుపు తిరిగామో లేదో, వదిన టక్కున ఆగి పిల్లల కళ్లు మూసింది. మూడు గంటలు కారులో వచ్చి, ఐదు నిమిషాల్లో వెనక్కి తిరిగాం. తిరుగుదారిలో కారులో ఎవరూ నోరు విప్పలేదు. చోటు మంచిదే. దానికి సరిపడని మనుషుల్ని తీసుకెళ్లింది నేను.

మూడోది నడక, అందులోనూ తిరుగు నడక. అరగంట వేణ్ణీళ్లలో కూర్చున్నాక కాళ్లు మెత్తబడతాయి, ఒక్కోసారి కళ్లు తిరుగుతాయి. అప్పుడు నడవాల్సిన దూరమే అసలు దూరం.

నాలుగోది కాలం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మంచు కరిగి నదులు పొంగుతాయి, ఒడ్డునున్న మడుగులు మునిగిపోతాయి. జులై చివర నుంచి సెప్టెంబరు దాకా కార్చిచ్చుల భయం. డిసెంబరు నుంచి మార్చి దాకా అడవి రోడ్ల మీద మంచు తియ్యరు. ఏడాది పొడుగునా బాగుండే బుగ్గ ఈ ఆరింటిలో ఒక్కటీ లేదు.

| బుగ్గ | ఎక్కడ | నడక (ఒకవైపు) | నీళ్లు తొరిపేది | బట్టల సంగతి |
|---|---|---|---|---|
| కిర్కమ్ | ఐడహో, బోయిసీ నేషనల్ ఫారెస్ట్ | రోడ్డు పక్కనే | నది | ఈత దుస్తులే ఎక్కువ |
| టెర్‌విల్లిగర్ | ఆరిగన్, విలామెట్ నేషనల్ ఫారెస్ట్ | అర మైలు లోపు | కొండవాలు | లేకుండా దిగేవాళ్లే ఎక్కువ |
| అంప్‌క్వా | ఆరిగన్, అంప్‌క్వా నేషనల్ ఫారెస్ట్ | అర మైలు లోపు, నిట్టనిలువు | కొండవాలు | లేకుండా దిగేవాళ్లే ఎక్కువ |
| బాగ్బీ | ఆరిగన్, మౌంట్ హుడ్ నేషనల్ ఫారెస్ట్ | ఒకటిన్నర మైళ్లు | మన బకెట్ | 2018లో విడి గదులు ఉండేవి |
| జెర్రీ జాన్సన్ | ఐడహో, లాక్సా నది దగ్గర | సుమారు ఒక మైలు | వాగు | రెండు రకాలూ |
| గోల్డ్‌మయర్ | వాషింగ్టన్, నార్త్ బెండ్ దాటాక | నాలుగున్నర మైళ్ల పైన | వాలు. పక్కనే చన్నీటి గుంట | రెండు రకాలూ |

కిర్కమ్: పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే

బోయిసీ నుంచి 21వ నంబరు హైవే మీద రెండు గంటల లోపు ప్రయాణం. లోమన్ ఊరు దాటి నాలుగు మైళ్లు వెళ్లాక సౌత్ ఫోర్క్ పయెట్ నది మీద చిన్న వంతెన, వంతెన అవతల క్యాంప్‌గ్రౌండ్. బుగ్గ నీళ్లు కొండ చరియ మీంచి సన్నని జలపాతాల్లా నది ఒడ్డుకు దిగుతాయి. ఒడ్డున రాళ్లు పేర్చి కట్టిన మడుగుల్లో వేడినీళ్లూ నదినీళ్లూ కలుస్తాయి. వేడెక్కువైతే నదివైపు రాయి ఒకటి పక్కకు జరిపితే చాలు, చన్నీళ్లు లోపలికొస్తాయి. తక్కువైతే రాయి మళ్లీ మూసెయ్యడమే. ఈ ఆట పిల్లలకు స్నానం కంటే ఎక్కువ నచ్చుతుంది.

తొరిపేది నది కాబట్టి నది చెప్పినట్టే వినాలి. మేం ఒకసారి జూన్ మొదటివారంలో వెళ్లాం. మడుగులన్నీ గోధుమరంగు ప్రవాహం కింద ఉన్నాయి, పేర్చిన రాళ్ల ఆనవాలు కూడా లేదు. నీళ్ల మోత ముందు మాట వినపడలేదు. ఆ ప్రవాహం దగ్గరికి పిల్లల్ని పోనివ్వకూడదు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వెళ్లండి. వారాంతాల్లో జనం విపరీతంగా ఉంటారు. మంగళ, బుధవారాల్లో తెల్లవారి ఏడింటికల్లా చేరితే మడుగు మీదే.

ఇక్కడ ఇన్ని బుగ్గలుంటే దగ్గర్లో అగ్నిపర్వతం ఉందేమోనని చాలామంది అనుకుంటారు. లేదు. మధ్య ఐడహో కింద ఉన్నది పెద్ద గ్రానైట్ దిమ్మ. దాని పగుళ్లలోంచి వాన, మంచు నీళ్లు చాలా లోతుకు దిగి, అక్కడి భూగర్భ వేడికి కాగి, మళ్లీ పగుళ్ల వెంటే పైకి వస్తాయి.

టెర్‌విల్లిగర్, అంప్‌క్వా: దంపతులకు, స్నేహితులకు

ఈ రెంటిలో ఏదని నన్ను చాలామంది అడుగుతారు. రెంటిలోనూ తొరిపేది కొండవాలే. పై మడుగులో నీళ్లు అన్నిటికంటే వేడి. ఒక్కో మెట్టు దిగేకొద్దీ గాలి తగిలి చల్లబడతాయి. నదితో పని లేదు కాబట్టి పొంగులు వచ్చినా మడుగులు మునగవు. కింది మడుగుతో మొదలుపెట్టి ఒక్కొక్కటే పైకి వెళ్లడం మంచిది.

టెర్‌విల్లిగర్‌ను కూగర్ అని కూడా అంటారు. యూజీన్ నుంచి 126వ హైవే మీద తూర్పుకు వెళ్లి, బ్లూ రివర్ దాటాక కూగర్ రిజర్వాయరు వెంట వెళ్లాలి. సన్నటి లోయలో మెట్లు మెట్లుగా మడుగులు, పైన డగ్లస్ ఫర్ చెట్ల గొడుగు. పై మడుగు 112 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. అందులో కాలు మాత్రమే పెట్టండి. పగటిపూటే తెరుస్తారు, మద్యం నిషేధం, మనిషికింత అని రుసుము తీసుకుంటారు. ఆ రుసుము వల్లే చోటు శుభ్రంగా ఉంటుందని నా నమ్మకం. 2018 ఆగస్టులో ఈ లోయలోనే కార్చిచ్చు పుట్టింది, దాని పేరే టెర్‌విల్లిగర్ ఫైర్. ఆ తర్వాత బుగ్గను చాలాకాలం మూసేశారు. కాలిన మాన్లు ఇంకా కనిపిస్తాయి. గాలి గట్టిగా వీచే రోజున వాటి కింద ఆగకండి.

అంప్‌క్వా రోజ్‌బర్గ్ నుంచి 138వ హైవే మీద సుమారు 60 మైళ్లు, టోకెటీ దగ్గర. నడక చిన్నదే కానీ ఎక్కుడు గట్టిది. వాన పడితే మట్టి సబ్బులా జారుతుంది. పైకి చేరాక మాత్రం ఈ ఆరింటిలో ఇంతటి చోటు ఇంకోటి లేదు. బుగ్గ నీళ్లలోని సున్నం ఏళ్ల తరబడి పేరుకుని కొండ అంచున పసుపు, గోధుమ రంగుల్లో పెద్ద గట్టు కట్టింది. ఆ గట్టులోనే గిన్నెల్లా మడుగులు. కూర్చుంటే వంద అడుగుల కింద నార్త్ అంప్‌క్వా నది పారుతూ ఉంటుంది. గిన్నె అంచు మీద వేలితో రాస్తే పంచదార పొడిలా గరగరలాడుతుంది. అదే సున్నం. దాన్ని గీరకండి, పేర్లు చెక్కకండి. ఆ అంచు దాటితే కింద నదే, కాబట్టి పరుగులు పెట్టే వయసు పిల్లలకు ఈ చోటు వద్దు.

పోర్ట్‌లాండ్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావాలంటే టెర్‌విల్లిగర్. రాత్రి ఆ చుట్టుపక్కల ఉండగలిగితే అంప్‌క్వా. పక్కనే టోకెటీ జలపాతం ఉంది. నల్లటి బసాల్టు స్తంభాల మధ్యలోంచి రెండు అంచెల్లో నీళ్లు దూకుతాయి. బుగ్గలో దిగాలని లేని పెద్దవాళ్లు కూడా అక్కడ సంతోషంగా గడుపుతారు. చలికాలంలో అంప్‌క్వాకు వెళ్లే అడవి రోడ్డు మీద మంచు తియ్యరు, కాబట్టి కారు చాలా ముందే ఆపి ఆ దూరమంతా నడవాలి.

బాగ్బీ: మనవాళ్లకు అన్నిటికంటే నప్పే చోటు, తెరిచి ఉంటే

2018లో అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చినప్పుడు బాగ్బీకి తీసుకెళ్లాం. ఎస్టకేడా దాటాక దారంతా అడవే. కారు దిగాక ఒకటిన్నర మైళ్ల బాట, దాదాపు చదునుగా, పాతకాలపు పెద్ద చెట్ల మధ్యలోంచి. అరవై ఏడేళ్ల అత్తయ్యగారు నాకంటే ముందు నడిచారు.

మేం వెళ్లినప్పుడు అక్కడి తొట్లు దేవదారు దుంగల్ని పడవలా తొలిచి చేసినవి. గోడలో చెక్క కాలువ, దానికో రంధ్రం, రంధ్రానికో చెక్క బిరడా. బిరడా తీస్తే 130 డిగ్రీలు దాటిన నీళ్లు పొగలు కక్కుతూ తొట్టిలోకి దిగుతాయి. చన్నీళ్లు బకెట్‌తో మనమే మోసుకొచ్చి పొయ్యాలి. నేను రెండు బకెట్లు పోసి చాలనుకున్నాను. అత్తయ్యగారు మోచెయ్యి ముంచి, "ఇంకో రెండు పొయ్యమ్మా, వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు అని ఊరికే అన్నారా" అన్నారు. గదికి తలుపు ఉంది, గడియ ఉంది. ఆవిడ చీర మార్చుకుని నూలు నైటీతో హాయిగా అరగంట కూర్చున్నారు. బయటికొచ్చాక చూసుకుంటే వెండి పట్టీలు నల్లబడి ఉన్నాయి. నీళ్లలోని గంధకం పని అది. ఇంటికొచ్చి చింతపండుతో తోమితే తెల్లబడ్డాయి కానీ, అప్పటినుంచి వెళ్లే ప్రతివాళ్లకీ వెండి తీసి వెళ్లమని చెబుతున్నాను.

తొట్టి దిగేముందు ఖాళీ చేసి ఒకసారి కడగడం, లేచాక తర్వాతి వాళ్ల కోసం నీళ్లు వదిలెయ్యడం అక్కడి మర్యాద.

2020 సెప్టెంబరులో వచ్చిన రివర్‌సైడ్ కార్చిచ్చుతో ఈ దారి పరిస్థితి మారిపోయింది. ఎస్టకేడా దగ్గరి 224వ హైవేను 2022 మే దాకా తెరవలేదు. బుగ్గ దగ్గర కట్టడాలకూ మరమ్మతులు కావాల్సి వచ్చింది. కాబట్టి బాగ్బీ అనుకుంటే మొదట చెయ్యాల్సింది మౌంట్ హుడ్ నేషనల్ ఫారెస్ట్ వాళ్లకు ఫోన్. తెరిచి ఉందంటే, అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇంకో చోటు గురించి ఆలోచించకండి.

జెర్రీ జాన్సన్: దారిలో ఆగేవాళ్లకు

మోంటానాలోని మిజూలా నుంచి 12వ హైవే మీద లోలో కనుమ దాటితే గంటన్నర లోపు. లాక్సా నది మీద వేలాడే వంతెన దాటి, వాగు వెంట ఒక మైలు నడవాలి. వరసగా మూడు చోట్ల మడుగులున్నాయి. మొదటివి వాగు ఒడ్డున ఉంటాయి కాబట్టి వసంతంలో మునుగుతాయి. పైన మైదానంలో ఉన్నది మాత్రం పొంగులప్పుడూ పనికొస్తుంది. రాత్రి ఉండనివ్వరు. దీనికోసమే పనిగట్టుకుని సియాటెల్ నుంచి వెళ్లమని చెప్పను. గ్లేసియర్ పార్కు వైపో ఎల్లోస్టోన్ వైపో వెళ్తూ ఆ దారి పడితే మాత్రం వదలొద్దు.

గోల్డ్‌మయర్: జనం వద్దనుకునే నడకరాయుళ్లకు

సియాటెల్ వాళ్లకు దగ్గరిది ఇదే. నార్త్ బెండ్ నుంచి మిడిల్ ఫోర్క్ స్నోక్వాల్మీ నది వెంట వెళ్లాలి. చివరి భాగం గుంతల రోడ్డు, ఎత్తైన కారైతే మేలు. ఆ తర్వాత నాలుగున్నర మైళ్ల పైచిలుకు నడక, తిరిగి రావడం అంతే. స్థలం ఒక లాభాపేక్ష లేని సంస్థది. రోజుకు 20 మందినే రానిస్తారు, ముందుగా బుక్ చేసుకోవాలి. కాపలావాళ్లు అక్కడే ఉంటారు. మద్యం, కుక్కలు నిషేధం. పాత గని సొరంగంలోంచి వేడినీళ్లు వచ్చి కింది తొట్లలోకి దిగుతాయి.

జనం తక్కువ కాబట్టి నీళ్లూ అడవీ శుభ్రంగా ఉన్నాయి. ఇంత నియమం ఎందుకని కొందరు విసుక్కుంటారు. లెక్కలేకుండా రానిచ్చిన బుగ్గల దగ్గర పగిలిన గాజుపెంకులు, చెట్ల వెనక టిష్యూ కాగితాలు చూశాక నాకు ఆ ఇరవై మంది లెక్క ఎంతో న్యాయంగా అనిపిస్తుంది. పదేళ్లలోపు పిల్లలతో ఈ నడక కష్టం. ఇంకా దూరం నడవాలనే కోరిక ఉన్నవాళ్లకు కొలరాడోలో ఆస్పెన్ దగ్గర కనండ్రమ్ ఉంది. ఒకవైపే ఎనిమిదిన్నర మైళ్లు, సముద్రమట్టానికి 11,200 అడుగుల ఎత్తు, రాత్రి ఉండాలంటే పర్మిట్, తిండి దాచడానికి ఎలుగుబంటి తెరవలేని డబ్బా తప్పనిసరి. దానికి ముందు గోల్డ్‌మయర్ నడిచి చూసుకోండి.

మునక వెయ్యకండి

నీళ్లు కనబడగానే మూడు మునకలు వెయ్యడం మనకు చిన్నప్పటి అలవాటు. ఇక్కడ ఆ పని చెయ్యొద్దు. వెచ్చటి మంచినీళ్లలో నైగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ఉండొచ్చు. కేరళలో 2024, 2025లో వచ్చిన కేసులప్పుడు మన టీవీల్లో మెదడు తినే అమీబా అన్నది దీన్నే. కడుపులోకి పోతే ఏమీ కాదు, ముక్కులోకి నీళ్లు పోతేనే ప్రమాదం. ఈ జబ్బు చాలా అరుదు, కానీ వస్తే బతికేవాళ్లు బహు తక్కువ. తల తడపకండి, పిల్లల్ని నీళ్లు చిమ్ముకోనివ్వకండి, ముక్కు కడగకండి. తలంటు ఇంటికొచ్చాక పోసుకోవచ్చు. సబ్బు, షాంపూ, నూనె ఏవీ మడుగులో కలపకూడదు. ఒంటికి నూనె రాసుకుని ఉంటే దిగేముందే తుడుచుకోండి.

దొడ్డికి వెళ్లాల్సి వస్తే నీళ్లకు కనీసం 200 అడుగుల దూరంలో, అంటే సుమారు డెబ్భై అంగలు, జానెడు లోతు గొయ్యి తవ్వి పూడ్చాలి. పిల్లల డైపర్లు మూటగట్టి వెనక్కి తెచ్చుకోవాలి. సీసాలు ప్లాస్టిక్కో స్టీలో తీసుకెళ్లండి, గాజు వద్దు. ట్రైల్ మొదట్లో ఆపిన కార్ల అద్దాలు పగలగొట్టడం ఈ వైపు మామూలే. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల పాస్‌పోర్టులు కారులో వదలకండి.

బయల్దేరే ముందు రోజు ఆ అడవి రేంజర్ స్టేషన్‌కు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: రోడ్డు బుగ్గదాకా తెరిచి ఉందా, దగ్గర్లో మంటలున్నాయా, ఈ వారం నది ఎంత ఎత్తులో పారుతోంది. మూడోదానికి "చాలా ఎక్కువ" అని జవాబొస్తే కిర్కమ్, జెర్రీ జాన్సన్ పక్కన పెట్టి టెర్‌విల్లిగర్ వైపు తిప్పండి. వెంట పెద్దవాళ్లుంటే ప్రయాణాన్ని ఆగస్టుకు వాయిదా వెయ్యండి.